సాంచాల చప్పుడులో చెవులు జాగ్రత్త

సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినబడుతున్నదంటే పని ఉన్నదని అర్థం. బి.వై. నగర్‌లోగాని, సుందరయ్యనగర్‌లోగాని, మానేరుకు అవతల తంగళ్లపల్లిలోగాని ఆ టకటకలు ఆగిపోయిన రోజున ఇంటింటా గుబులు మొదలవుతుంది. ఆర్డర్లు లేవనో, నూలు రాలేదనో, కరెంటు బిల్లు పేచీ వచ్చిందనో అనుకుంటారు. అందుకే ఇక్కడ చప్పుడు మీద ఫిర్యాదు చేసేవారు కనబడరు. బువ్వ పెట్టే చప్పుడును ఎవరు తిట్టుకుంటారు?

కాని రోజుకు పన్నెండు గంటల చొప్పున, పది పదిహేనేళ్లు ఆ చప్పుడులో నిలబడినవారి చెవులు మెల్లగా మొద్దుబారుతాయి. కాలు విరిగితే నలుగురికీ తెలుస్తుంది, పొడి దగ్గు పట్టుకుంటే ఆసుపత్రికి పోతారు. చెవి సంగతి అలా కాదు. నొప్పి ఉండదు, నెత్తురు రాదు. పోతున్న సంగతి పోయేవానికే ఆఖరున తెలుస్తుంది.

ముందుగా కనిపెట్టేది ఇంటివారే. షిఫ్టు దిగి ఇంటికి వచ్చినవాడు టీవీ చప్పుడు పెంచుతాడు. పిల్లలు చెవులు మూసుకుంటారు. ఫోను మోగుతున్నా లేవడు. “బాపూ, పాలు అయిపోయినయ్” అని బిడ్డ చెబితే “కాలుకేమైంది?” అని కంగారు పడతాడు. భార్య ఏదో అంటుంది. “ఏందే, ఏమన్నవ్?” అని అడుగుతాడు. రెండోసారీ వినబడదు. మూడోసారి అడిగితే “ఏం లేదు తియ్యి” అని ఆమె బీడీల చాట ముందేసుకుని కూర్చుంటుంది. వినికిడి తగ్గినవారు తమ ఇంట్లో ఎక్కువసార్లు వినే మాట బహుశా ఈ “ఏం లేదు” అన్నదే.

మాట వినబడుతుంది, అర్థం కాదు

ఇందులో విచిత్రం ఒకటి ఉన్నది. అలాంటి కార్మికుని పరీక్షించి “మీకు చెవుడు వచ్చింది” అంటే నమ్మడు. “నాకు వినబడుతనే ఉన్నది. వాళ్లే నోట్లో నోట్లో మాట్లాడుతరు” అంటాడు. అతడు అబద్ధమాడటం లేదు. గొంతు నిజంగానే వినబడుతుంది. అందులోని అక్షరాలే జారిపోతాయి.

కారణం లోపలి చెవిలో ఉన్నది. చెవిలోకి వచ్చిన శబ్దం కర్ణభేరిని తట్టుతుంది. దాని వెనుక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం, అందులో నీరు, ఆ నీటిలో వెంట్రుకల వంటి మొనలున్న సన్నని కణాలు ఉంటాయి. పుట్టినప్పుడు ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15 వేలు. గాలికి వరిచేను వంగి లేచినట్లు ఇవి శబ్దానికి వంగి లేస్తుంటాయి. ఒక రాత్రి గాలివాన వచ్చి పోతే చేను తిరిగి నిలబడుతుంది. రోజూ గాలివానే అయితే పడిపోతుంది. చేనుకు మరుసటి పంట ఉంటుంది గాని, మనిషి చెవిలో చచ్చిన కణం మళ్లీ మొలవదు. ఇప్పటివరకు ఏ మందూ, ఏ ఆపరేషనూ దాన్ని మొలిపించలేదు.

పెద్ద చప్పుడుకు మొదట దెబ్బ తినేవి సన్నని, కీచు శబ్దాలను పట్టుకునే కణాలు. క, త, ప, స, శ వంటి హల్లులు గుర్తు దొరికేది ఆ సన్నని శబ్దాలలోనే. ఆ, ఊ, ఓ వంటి అచ్చులు లావు శబ్దాలు కనుక అవి మిగులుతాయి. అంటే మాటలోని కండ ఉంటుంది, ఎముక ఉండదు. అందుకే ‘పాలు’, ‘కాలు’ ఒక్కటై కూర్చుంటాయి. మగవారి గొంతుకంటె ఆడవారి గొంతు, దానికంటె పసిపిల్లల గొంతు అర్థం చేసుకోవడం కష్టమవుతుంది. మనవరాలి ముద్దు మాటలు తాతకు అందకపోవడానికి పిల్ల తప్పు లేదు, తాత తప్పూ లేదు.

ఎంత చప్పుడు? ఎంతసేపు?

చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే అది 60 ఉంటుంది. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణులు గీత గీశారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు వ్యవధి సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94కు ఒక్క గంట, 97కు అరగంట, 100కు పావుగంట.

మూడంటే ఎంతలే అనుకోవచ్చు. ఒక సాంచా పక్కన అలాంటిదే మరొకటి నడిపితే కొలతలో పెరిగేది ఆ మూడే. చెవి మీద పడే భారం మాత్రం రెట్టింపు. నాడెను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు కర్రతో కొట్టే పాతరకం సాంచాలు నిముషానికి వందకు పైగా దెబ్బలు వేస్తాయి. మన దేశంలోని మరమగ్గాల షెడ్లలో కొలిచినచోట చప్పుడు 90 దాటి 100 దాకా పోవడం మామూలే. పావుగంటో, అరగంటో ఉండదగిన చోట పన్నెండు గంటలు ఉంటున్నారన్నమాట. పైగా గోడలు ఇటుకవి, కప్పు రేకులది. పుట్టిన చప్పుడు బయటికి పోక మళ్లీ మనిషి మీదికే వస్తుంది.

కొలిచే యంత్రం లేదని విచారించనక్కరలేదు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తున్నదంటే అక్కడ చప్పుడు 85 దాటినట్టే. షిఫ్టు దిగాక చెవిలో గుయ్‌మని హోరు వస్తున్నా, చెవులకు దూది కుక్కినట్లు అనిపిస్తున్నా అది చెవి పెడుతున్న మొర. తెల్లారేసరికి తగ్గింది కదా అని ఊరుకుంటారు. అలా తగ్గుతూ తగ్గుతూ ఒకనాడు తగ్గడం మానేస్తుంది.

ఇది సిరిసిల్లకు కొత్తగా వచ్చిన బాధేమీ కాదు. మూడు వందల ఏళ్ల క్రితం ఇటలీ వైద్యుడు రామజ్జిని, వెనిస్ నగరంలో రోజంతా రాగిని సుత్తెలతో కొట్టే కంచరివారు ముసలితనంలో పూర్తిగా చెవిటివారవుతున్నారని రాసిపెట్టాడు. ఇంగ్లండులో లాంకషైర్ బట్టల మిల్లులలో పనిచేసిన ఆడవారు పెదవుల కదలిక చూచి మాట గ్రహించడంలో ఆరితేరారు. మిల్లు బయట కూడా వారు అలాగే మాట్లాడుకునేవారు. మన షెడ్లలోనూ కనుసైగలు, చేతిసైగలు, ఈలలతోనే సగం పని నడుస్తుంది. దానిని నేర్పు అని మెచ్చుకోవచ్చు. ఆ నేర్పు అవసరమైన చోట చెవికి ప్రమాదం ఉన్నదని కూడా తెలుసుకోవాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1987లో సవరణ చేసినప్పుడు, చప్పుడువల్ల వచ్చే చెవుడును వృత్తివ్యాధుల పట్టికలో చేర్చారు. పట్టిక మంచిదే. ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు వేసుకున్న ఆసామి గడప దాకా అది వచ్చిన దాఖలా మాత్రం లేదు. అతడే యజమాని, అతడే కార్మికుడు. ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేయాలి?

దూది చాలదు

కొందరు చెవిలో ఇంత దూది పెట్టుకుంటారు. ఏమీ లేకపోవడంకంటె నయమేగాని, పొడి దూది ఆపే చప్పుడు బహు తక్కువ. పెట్టుకున్నామన్న ధైర్యం మాత్రం ఎక్కువ. చెవులకని తయారుచేసిన నురుగు బిరడాలు మందుల దుకాణాలలోనూ, పనిముట్ల దుకాణాలలోనూ అమ్ముతారు. ధర నాలుగు చాయల ఖర్చును మించదు.

అయితే వాటిని పెట్టుకునే పద్ధతి ఉన్నది. ముందు చేతులు కడుక్కోవాలి. గ్రీజు చేతులతో పెడితే చెవిలో కురుపు లేస్తుంది. బిరడాను వేళ్ల మధ్య వత్తివలె సన్నగా నలపాలి. రెండో చేతిని తల వెనుకనుంచి తెచ్చి చెవిని పైకి, వెనుకకు లాగాలి. అప్పుడు లోపలి దారి తిన్ననవుతుంది. బిరడాను లోపలికి తోసి, అది ఉబ్బి నిండేవరకు అర నిముషం వేలితో అదిమి ఉంచాలి. సరిగా కూర్చుంటే సొంత గొంతు కుండలో మాట్లాడినట్లు వినబడుతుంది. బయటికి సగం వేలాడుతుంటే అది చెవికి నగయే తప్ప రక్షణ కాదు. నురుగువి మురికి పట్టగానే పారవేయాలి. తాడుతో ఉండే రబ్బరు బిరడాలు కడిగి వాడుకోవచ్చు. చెవి కారేవారు మాత్రం ముందు వైద్యం చేయించుకోనిదే ఏ బిరడా పెట్టరాదు.

“చెవులు మూసుకుంటే పోగు తెగింది ఎట్ల తెలుస్తది? సాంచా తేడా కొడితే ఎట్ల పట్టుకుంటం?” అన్నది కార్మికుల ప్రశ్న. తీసిపారేసే ప్రశ్న కాదు. నేర్పరి చెవితోనే సాంచా జబ్బు పడతాడు. బిరడా పెట్టిన మొదటి వారం ఇబ్బందే. కాని అది చప్పుడునంతా తగ్గిస్తుంది గనుక తేడా తేడాగానే వినబడుతుంది. పది పదిహేను రోజుల్లో చెవి కొత్త కొలతకు అలవాటు పడుతుంది. వినికిడి ఇదివరకే బాగా తగ్గినవారికి మాత్రం ఇబ్బంది ఎక్కువ. అలాంటివారు డాక్టరుకు చూపించుకుని తగిన రకం ఎంచుకోవడం మేలు. పన్నెండు గంటలలో ఒక గంట తీసి ఉంచినా పడిన శ్రమలో ఎక్కువ భాగం వృథా అవుతుందని మరువరాదు.

చెవిని మూయడంకంటె ముందు చప్పుడును తగ్గించవచ్చు. వదులైన బోల్టులు బిగించడం, అరిగిన భాగాలు మార్చడం, వేళకు నూనె వేయడం, సాంచా కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయడం ఆసామి చేతిలో పని. అన్నిటికంటె ముఖ్యం పిల్లల సంగతి. చాలా ఇళ్లలో షెడ్డుకూ పడకగదికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. ఆడవారు కండెలు చుడుతూ పక్కనే ఉయ్యాల వేస్తారు. పసివాడు చప్పుడులోనే నిద్రపోతున్నాడని మురిసిపోవడం తగదు. ఉయ్యాలను అవతలి గదికి మార్చాలి.

సాంచాలు లేని పల్లెలవారు ఇది తమది కాదనుకోరాదు. గ్రానైటు క్వారీలో రాయి తొలిచేవారు, రైసుమిల్లు హమాలీలు, తలుపుల్లేని పాత ట్రాక్టరును దినమంతా నడిపేవారు కూడా ఇదే దారిలో ఉన్నారు. పెళ్లి బరాత్‌లో, వినాయక నిమజ్జనంలో డీజే పెట్టెల ముందు ఆడే కుర్రవాళ్లు ఒక్క రాత్రిలోనే నెల రోజుల చప్పుడు చెవిలో పోసుకుంటున్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలాలలో మైకులు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఎంత అమలవుతున్నదో ఊరివారికి తెలియనిది కాదు.

అన్నీ సాంచాల చెవుడే కాదు

చెవి మందగించగానే సాంచాల పనివల్లనే అని తీర్మానించుకుని కూర్చోవడం మరో పొరపాటు. ఒక్కోసారి గుమిలి గట్టిపడి అడ్డం పడుతుంది. డాక్టరు దాన్ని తీస్తే అయిదు నిముషాలలో వినికిడి తిరిగి వస్తుంది. జాతరలో కనబడే గుమిలి తీసేవాని ఇనుప పుల్లకు మాత్రం చెవి ఒప్పగించరాదు. పిల్లలకు చెవి కారుతుంటే వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసర్లు పోస్తారు. లోపల కర్ణభేరికి చిల్లు ఉంటే అవి లోపలికి దిగి మరింత చెరుపు చేస్తాయి. ఆ చెవిని పొడిగా ఉంచి, చెరువు ఈతలు మానిపించి, చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. చిల్లును ఆపరేషనుతో మూయవచ్చు. జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదిమందులు కొందరికి లోపలి చెవిని దెబ్బతీస్తాయి. ఊరి వైద్యుని దగ్గర అడిగిందే తడవుగా సూది వేయించుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

రాత్రి బాగానే పడుకుని, తెల్లారి లేచేసరికి ఒక చెవి వినబడకపోతే ఒక్కరోజు కూడా ఆగరాదు. మొదటి రోజులలో మందు పడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఉన్నది. చలి గాలి తగిలిందని నెల రోజులు చూచి పోతే డాక్టరు చేయగలిగింది తక్కువ.

గట్టిగా అరిస్తే లాభం లేదు

చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అని సామెత. సామెత సంగతి ఎలా ఉన్నా, ఇళ్లలో జరుగుతున్నది మాత్రం శంఖాలు ఊదడమే. లోపలి చెవి దెబ్బతిన్నవారికి మెల్లని మాట వినబడదు, గట్టి మాట మామూలు చెవికి వినబడినంత గట్టిగానూ తాకుతుంది. “పిలిస్తే పలకవు, అరిస్తే ఎందుకు అరుస్తున్నవని కోపం చేస్తవు” అని భార్య వాపోవడం సహజం. ఆ రెండూ ఒకే జబ్బు లక్షణాలని తెలిస్తే సగం తగాదాలు ఉండవు.

చేయవలసింది పెద్ద కష్టమేమీ కాదు. ముందు పేరు పెట్టి పిలవడమో, భుజం తట్టడమో చేసి, ముఖం వైపు తిరిగాకనే మాట మొదలుపెట్టాలి. మాట్లాడేవారి ముఖం మీద వెలుతురు ఉండాలి. వెనుకనుంచి, వంటింట్లోనుంచి, నోట్లో తమలపాకు పెట్టుకుని మాట్లాడితే అందదు. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయాలి. ఒక మాట రెండుసార్లు చెప్పినా అర్థం కాకపోతే అదే మాట మూడోసారి అరవకుండా వేరే మాటల్లో చెప్పాలి. ‘పాలు’ అందకపోతే ‘చాయలకు పాలు లేవు’ అంటే అందుతుంది. “ఏం లేదు” అన్న మాటను ఇంట్లో నిషేధించినా తప్పు లేదు.

వినికిడి తగ్గినవారు కూడా దాచుకోవడం మానాలి. అర్థం కాకున్నా తల ఊపి, నలుగురు నవ్వితే నవ్వి నెట్టుకొచ్చేవారు ఎందరో. అలా నెట్టుకురావడం కష్టమై క్రమంగా పెళ్లిళ్లకు పోవడం మానుకుంటారు. గ్రామసభలో వెనుక నిలబడతారు. మనుమలతో మాటలు తగ్గిస్తారు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లో, తిరిగి 2020లో, 2024లో కూడా, వయసు మీద పడ్డాక వచ్చే మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో, మన చేతుల్లో ఉన్నవాటిలో వినికిడి లోపాన్ని ముఖ్యమైనదిగా లెక్కగట్టింది. “నాకు చెవి కొద్దిగ తక్కువ, ఇటు తిరిగి చెప్పు” అనడానికి సిగ్గుపడవలసింది లేదు. రోడ్డు మీద మాత్రం ఎదురుగా వచ్చే బండ్లు కనబడేటట్లు కుడివైపున నడవాలి. సైకిలుకు అద్దం పెట్టించుకోవాలి.

చెవి మిషను సంగతి

కళ్లజోడు పెట్టుకుంటే ఆ క్షణంలోనే అక్షరాలు కనబడతాయి. చెవి మిషను అలా కాదు. చాలామంది వారం రోజులు పెట్టుకుని, గిన్నెల చప్పుడు తలలో మోగుతున్నదని అల్మారాలో పడేస్తారు. ఏళ్ల తరబడి వినని శబ్దాలు ఒక్కసారిగా వస్తే మెదడు తట్టుకోలేదు. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకు గంటా రెండు గంటలు పెట్టుకోవాలి. రోజురోజుకూ పెంచుకుంటూ పోతే రెండు మూడు నెలలకు కుదురుకుంటుంది. స్నానానికి, నిద్రకు తీసివేయాలి. చెమట, వానాకాలపు తేమ దానికి శత్రువులు. రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో దాచాలి. ఆపివేసిన మిషను బిరడాకు బదులు కాదు. షెడ్డులోకి పోయేటప్పుడు దాన్ని తీసి బిరడాలే పెట్టుకోవాలి. పరీక్ష లేకుండా అంగడిలో చవకగా దొరికే మిషను కొంటే అది అన్ని శబ్దాలనూ ఒక్క లెక్కన పెంచి ఉన్న చెవిని కూడా పాడుచేయవచ్చు.

పరీక్షకు ముందుగా పోవలసింది జిల్లా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగానికి. హైదరాబాదుకు చెందిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో స్థాపించిన జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకం కింద అర్హులకు మిషన్లు ఇస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తక్కువవారుగా, 70 అయితే బధిరులుగా లెక్కిస్తారు. సాంచాల చెవుడు సన్నని శబ్దాలనే ముందు తింటుంది కనుక, ఇంట్లో ఎంత ఇబ్బంది పడుతున్నా చాలామంది కార్మికులు ఆ గీతకు ఇవతలే మిగిలిపోతారు. సర్టిఫికెట్ రాలేదంటే చెవి బాగున్నట్లు కాదు.

పరీక్షకు పోయేవారు ముందురాత్రి షిఫ్టు చేసి పోరాదు. చప్పుడులోనుంచి వచ్చాక కనీసం 16 గంటలు గడిస్తేగాని చెవి అసలు స్థితి కాగితం మీదికి రాదు. పండుగకు సాంచాలు ఆగినప్పుడు పోవడం సులువు. అక్కడ గీసి ఇచ్చే ఆడియోగ్రాం కాగితాన్ని ఆధార్ కార్డు దాచిన చోటే దాచిపెట్టాలి. మరుసటి ఏడాది గీసిన కాగితాన్ని దాని పక్కన పెట్టి చూస్తేనే చెవి నిలకడగా ఉన్నదో, జారుతున్నదో డాక్టరుకు తెలుస్తుంది. కొత్తగా పనిలో చేరే కుర్రవానికి మొదటి కాగితం సాంచా ముట్టుకోకముందే తీయించాలి.